పిడుగురాళ్ల ప్రాంతపు మిరప, పత్తి పైర్లలో ఆకులు వాలడం: కారణ నిర్ధారణ, నివారణ

వ్యాససంగ్రహం:
ఆకు వాలడం వ్యాధి కాదు, లక్షణం మాత్రమే. నీటి కొరత, నీటి ముంపు, వేరుకుళ్లు, ఎండు తెగులు అనే వేర్వేరు కారణాలు ఒకే రూపంలో బయటపడతాయి. నల్లరేగడి నేలల్లో మిరప, పత్తి పైర్లను ఆధారం చేసుకుని, మందు ఎంచుకోవడానికి ముందు కారణాన్ని నిర్ధారించే క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: మిరప, పత్తి, నల్లరేగడి, వడలడం, ఎండు తెగులు, పారావిల్ట్

1. ఉపోద్ఘాతం:
పల్నాడు జిల్లాలోని పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరుపొందిన పట్టణం. పరిసర గ్రామాల్లో పత్తి, మిరప ప్రధాన వాణిజ్య పంటలు. తొలకరికి విత్తిన పత్తి కాయ దశలోను, తరువాత నాటిన మిరప ఎదిగే దశలోను ఉండగా భారీ వర్షాలు పడితే పైరు వాలిపోవడం కనిపిస్తుంది. నీరు చాలలేదనుకుని తడి ఇవ్వడం, తెగులనుకుని మందు కొట్టడం అప్పుడు సహజంగా జరిగే పనులు. కారణం తెలియకుండా చేస్తే ఈ రెండూ నష్టాన్ని పెంచవచ్చు. కౌలు చెల్లించి, అప్పు తెచ్చి సాగుచేసే రైతుకు ఆ నష్టం మోయలేని భారం.

2. ఆకు ఎందుకు వాలుతుంది?
కణాల్లో నిండిన నీరు కణకవచాలపై కలిగించే ఒత్తిడి వల్ల ఆకు బిగువుగా నిలుస్తుంది. ఆకుల నుంచి ఆవిరయ్యేంత నీటిని వేళ్లు అందించలేనప్పుడు ఆ బిగువు సడలుతుంది. ఇందుకు ముఖ్యంగా మూడు కారణాలున్నాయి: నేలలో నీరు లేకపోవడం, నీరున్నా వేళ్లకు గాలి అందకపోవడం, వేళ్లు లేదా కాండంలోని నీటి నాళాలు చెడిపోవడం.

రెండవ కారణం నల్లరేగడిలో ప్రత్యేకంగా గమనించదగినది. బంకమన్ను అధికంగా ఉన్న ఈ నేల తడిసి ఉబ్బినప్పుడు గాలి చొరబడే రంధ్రాలు మూసుకుపోతాయి. ప్రాణవాయువు అందని వేరు నీటిని పీల్చుకోలేదు. అందువల్ల మొక్క నీటిలో నిలబడే వడలిపోతుంది. అటువంటి పైరుకు మళ్లీ తడి ఇస్తే వేళ్లకు ఊపిరి మరింత కరవవుతుంది.

3. నిర్ధారణ క్రమం:
3.1 వాలడమా, ముడతా: మిరపలో ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామరపురుగులను, కిందికి ముడుచుకుంటే తెల్లనల్లిని అనుమానించాలి. ఇవి వేరుకు సంబంధించినవి కావు.

3.2 వేళ: మధ్యాహ్నపు ఎండకు వాలి, సాయంత్రానికి తేరుకుంటే అది చాలావరకు తాత్కాలికమైన నీటి ఒత్తిడి. తెల్లవారేసరికి కూడా తేరుకోకపోతే నేలనూ వేరునూ పరిశీలించాలి.

3.3 నేల: మొక్క పక్కన జానెడు లోతున మట్టి తీసి పిడికిట నొక్కాలి. ఉండ కట్టక పొడిపొడిగా రాలితే తడి అవసరం. వేళ్ల సందున నీరు ఊరుతుంటే మురుగు తీయడం అవసరం. నెర్రెలు విచ్చిన నేల పైన ఎండినా లోపల తేమ కలిగి ఉండవచ్చు కనుక పైపొరను చూసి నిర్ణయించరాదు.

3.4 వేరు, కాండం: వాలిన మొక్కను పీకి కాండాన్ని మొదలు వద్ద నిలువుగా చీల్చాలి. లోపల గోధుమరంగు చారలు కనిపిస్తే ఫ్యుజేరియం ఎండు తెగులును అనుమానించాలి. మొక్క సులువుగా ఊడివచ్చి, వేరుపై బెరడు పీచుపీచుగా విడిపోతే అది వేరుకుళ్లు లక్షణం. మిరప ఆకులు పచ్చగా ఉండగానే మొక్క హఠాత్తుగా వాలితే, కాండపు ముక్కను కోసిన కొన మునిగేలా గాజు గ్లాసులోని తేటనీటిలో వేలాడదీయాలి. కొద్ది నిమిషాల్లో పాలవంటి దారాలు జారితే అది బాక్టీరియా ఎండు తెగులు.

4. పత్తిలో ప్రత్యేక స్థితి:
మన దేశంలో ఫ్యుజేరియం ఎండు తెగులు ప్రధానంగా దేశవాళీ పత్తికి సోకేది. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి సంకరాలు అమెరికన్ జాతికి చెందినవి. కనుక బీటీ చేలో దీర్ఘకాలపు బెట్ట తరువాత భారీ వర్షం కురిసి, వెంటనే ఎండ కాసినప్పుడు నిండుకాపుతో ఉన్న మొక్కలు అక్కడక్కడ వాలితే ముందుగా పారావిల్ట్‌ను పరిగణించాలి. ఇది శిలీంధ్రం వల్ల వచ్చేది కాదు, శారీరక లోపం. మొక్కలో ఇథిలీన్ ఉత్పత్తిని అడ్డుకునే కోబాల్ట్ క్లోరైడ్‌ను లీటరు నీటికి 10 మిల్లీగ్రాముల చొప్పున, లక్షణాలు కనిపించిన కొద్ది గంటల్లోనే పిచికారీ చేయాలన్నది పరిశోధకుల సిఫారసు. ఆలస్యమైతే ఫలితం తగ్గుతుంది.

5. నివారణ:
నీరు నిలిచిన చేలో మొదటి పని కాలువలు తీసి మురుగును బయటకు పంపడం. నేల ఆరిన తరువాత పైపాటుగా అంతరసేద్యం చేస్తే వేళ్లకు గాలి అందుతుంది. శిలీంధ్రపు తెగుళ్లు ఏటా కనిపించే పొలంలో 2 కిలోల ట్రైకోడెర్మా విరిడిని 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి వృద్ధి చేసి ఎకరానికి వేయవచ్చు. బాక్టీరియా ఎండు తెగులుకు శిలీంధ్రనాశనులు పనిచేయవు. రోగగ్రస్త మొక్కలను పీకి కాల్చడం, ఆ పొలం నీరు పక్క పొలానికి పారకుండా చూడడం, మిరప, టమాట, వంగలను వెంటవెంట వేయకుండా జొన్న, మొక్కజొన్న వంటి పైర్లతో పంట మార్చడం ఇక్కడ ప్రధానం. షేడ్‌నెట్లలో ట్రేలపై పెంచే మిరప నారుకు కూడా కొబ్బరిపొట్టు తేమ చూసిన తరువాతే నీరు పెట్టాలి. అతితడి నారుకుళ్లుకు దారితీస్తుంది.

6. ముగింపు:
ఆకును మాత్రమే చూసి మందు ఎంచుకునే పద్ధతి పెట్టుబడిని పెంచుతుంది గాని పైరును నిలబెట్టదు. వేళను గమనించడానికి, మట్టిని నొక్కి చూడడానికి, కాండాన్ని చీల్చడానికి ఖర్చు లేదు. ఈ పరీక్షలతో తేలని సందర్భంలో వేళ్లతో సహా తీసిన మొక్కను, వేరు మట్టిని రైతు సేవా కేంద్రానికి గాని, గుంటూరు సమీపంలోని లాం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి గాని చూపించడం ఉత్తమం. వాడిన మందుల వివరం, చివరి తడి లేదా వర్షం పడిన తేదీ చెబితే నిర్ధారణ సులభమవుతుంది.