మరిగినా పోని విషం

శాలిబండ గడియారం వెనుక సందులో మా పెద్దమ్మ ఇల్లు. ఆమె పుట్టినూరు నల్లగొండ జిల్లా మర్రిగూడ పక్కన. మొన్న ఆదివారం వెళ్లేసరికి టెఫ్లాన్ పూత పెనం చేతబట్టుకుని గుమ్మంలోనే ఎదురైంది.

“బిడ్డా, దీని మీది మందు నీళ్లల్ల కలిస్తే విషమట గద! మరగబెడితే పోదా?”

ఆమె భయానికి కారణం ఉన్నది. ఆమె అన్నదమ్ములిద్దరికీ నలభై ఏళ్లకే నడుములు వంగిపోయాయి. వాళ్లూ బావినీళ్లు కాచుకునే తాగారు. కాస్తే నీరు ఆవిరవుతుంది గాని అందులోని ఫ్లోరైడు పోదు, పైగా చిక్కబడుతుంది. ఈ జబ్బును 1937లోనే షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించి ప్రకటించారు. తరువాత నాగపూరులోని ‘నీరి’ సంస్థవారు సున్నం, పటిక కలిపి ఫ్లోరైడును అడుక్కు దింపే ఉపాయం కనిపెట్టి, దానికి ‘నల్లగొండ పద్ధతి’ అని పేరు పెట్టారు. ఇప్పుడు ఆ పల్లెలకు కృష్ణ నీళ్లు గొట్టాల్లో వస్తున్నాయి.

పెనం సంగతి వేరు. దాని పూత నీళ్లలో కరగదు. చిక్కంతా ఆ పూతను తయారుచేసే కార్ఖానాల్లో ఏళ్ల తరబడి వాడిన పి.ఎఫ్.ఓ.ఏ. అనే ద్రవ్యంతోనూ, మంటలార్పే నురుగులో వాడిన దాని దాయాదులతోనూ వచ్చింది. వీటిలో ఫ్లోరిన్ కర్బనాన్ని గట్టిగా కరిచి పట్టుకుని ఉంటుంది. ఎండకు, సూక్ష్మజీవులకు, మన పొయ్యికి ఆ పట్టు సడలదు. పటికకూ లొంగదు. ఇళ్లలోని ఆర్.ఓ. యంత్రం చాలావరకు ఆపుతుంది. కాని ఆపినదంతా వృథానీటితో మోరీలోకే పోతుంది గదా!

అందుకని శాస్త్రజ్ఞులు విద్యుత్తును ఆశ్రయించారు. కలుషితాన్ని ముందుగా కొద్ది నీటిలోకి చేర్చి, అందులో బోరాన్ కలిపిన వజ్రపు పలకను ధనధ్రువంగా దించుతారు. గోల్కొండ వజ్రం కాదు లెండి, మీథేన్ వాయువు నుంచి పొరగా పేర్చినది. కరెంటు పారగానే ఆ పలక విషపు అణువు నుంచి ఒక ఎలక్ట్రానును లాగుతుంది. తల ఊడి బొగ్గుపులుసు వాయువవుతుంది. తోక ఒక్కొక్క కర్బనం చొప్పున తరుగుతూ పోతుంది. ఖర్చు మాత్రం తక్కువేమీ కాదు. నీటిలో ఉప్పుంటే పెర్‌క్లోరేటు అనే మరో చెడుగు పుడుతుంది. దాని సంగతీ చూసుకోవాలి.

“తెగిన ఫ్లోరిన్ ఏమైతది?” అన్నది పెద్దమ్మ.

“ఫ్లోరైడే అవుతుంది, పెద్దమ్మా!”

“మా ఊరి దయ్యమేనా?”

అదే, కాని కొలతలో హస్తిమశకాంతరం. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని మన ప్రమాణం. పి.ఎఫ్.ఓ.ఏ.కు అమెరికా 2024లో పెట్టిన హద్దు 4 నానోగ్రాములు, అంటే దానిలో 3,75,000వ వంతు. అంత కొద్ది విషం విరిగితే వచ్చే ఫ్లోరైడు ఎముకనేమీ చేయలేదు.

పెద్దమ్మ కాసేపు ఆలోచించి, అటక మీది ఇనప పెనం దించమన్నది. దించేసరికి నా చొక్కా నిండా మసి.