దారి చెప్పే వృత్తి

కాళిదాసు మేఘసందేశంలో, భార్యకు దూరమైన యక్షుడు ఒక మేఘాన్ని అలకాపురికి పంపుతాడు. సందేశం వినిపించడానికి ముందు అతడు మేఘానికి దారి చెబుతాడు. అలసినప్పుడు ఏ కొండపై విశ్రమించాలో, నీరు తరిగినప్పుడు ఏ నదిలో త్రాగాలో, చుట్టుదారి అయినా ఉజ్జయినిని ఎందుకు చూసి పోవాలో వివరిస్తాడు. పూర్వమేఘమంతా ప్రధానంగా ఈ మార్గవర్ణనమే. ఈ కావ్యానికి సంజీవనీ వ్యాఖ్య రచించిన మల్లినాథసూరి మెదక్ జిల్లా కొల్చారం గ్రామానికి చెందినవాడని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. దారి చెప్పే విద్యకు వ్యాఖ్యానం మన సీమలోనే పుట్టిందని నేను తరగతిలో సరదాగా అంటుంటాను.

యక్షుడు చేసిన పనినే నేడు వృత్తిగా చేపట్టిన వ్యక్తిని ట్రావెల్ అడ్వైజర్, అనగా యాత్రా సలహాదారు అంటున్నాం. ఇంగ్లండులో థామస్ కుక్ 1841 జూలై 5న లీస్టర్ నుండి లాఫ్‌బరోకు కొన్ని వందల మందిని రైలులో తీసుకొని వెళ్ళి ఈ వ్యాపారానికి బాటవేశాడు. అంతకు పదేళ్ళ ముందే తెలుగువాడైన ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర ముగించాడు. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్రలో క్షేత్ర మాహాత్మ్యాలే కాదు, మజిలీల దూరాలు, బస వసతులు, ఏ ఊళ్ళో ఏ సరుకులు దొరుకుతాయన్న వివరాలు కూడా ఉన్నాయి. వెనుక వచ్చే యాత్రికునికి కావలసినవి అవే.

ఇప్పుడు మన నాగల్‌గిద్దకు వద్దాం. పూర్వపు మెదక్ జిల్లాలో భాగమై, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో మండల కేంద్రంగా ఉన్న ఊరు ఇది. ఇక్కడ ఒక యువకుడు ఈ వృత్తి ఆరంభించాడనుకొందాం. వైశాఖంలో పెళ్ళి కుదిరిన ఒక జంట హనీమూన్ యాత్రకు సలహా కోరి వచ్చింది. “ఎక్కడికి పోతారు?” అన్నది అతడు అడగవలసిన మొదటి ప్రశ్న కాదు. పెళ్ళి ఏనాడు, సత్యనారాయణ వ్రతం ఏనాడు, కులదైవ దర్శనానికి ఎన్ని రోజులు, వరునికి ఎన్నాళ్ళ సెలవు అని ముందుగా అడగాలి. ఆషాఢంలో కొత్తకోడలు పుట్టింటికి వెళ్ళడం మనలో ఆచారం. కనుక యాత్రకు మిగిలే వ్యవధి చాలా స్వల్పం. వధువు మాటను వేరుగా వినడం కూడా అవసరం. పెద్దల ఎదుట ఆమె “మీ ఇష్టం” అనే అంటుంది గాని, ఆమెకు కొండదారిలో బస్సు ప్రయాణం పడదేమో!

స్థలనిర్ణయం తరువాతి మాట. మే నెలలో అందరికీ మొదట స్ఫురించేది ఊటీ. రద్దీ తట్టుకోలేక నీలగిరులకు 2024 మే 7 నుండి వాహనాలకు ఈ-పాస్ నియమం పెట్టారు. ఆ సంగతి చెప్పకుండా జంటను పంపడం తగదు. జూన్‌లో కేరళను నైరుతి ఋతుపవనం తాకుతుంది. నాకు తెలిసిన ఒక కుటుంబంలోని నవదంపతులను ఒక ఏజెంటు, గది చౌకగా దొరికిందని, జూలైలో మున్నారుకు పంపాడు. మూడు రోజులు కిటికీలోంచి వాన చూసి తిరిగి వచ్చారు. ధర తగ్గడానికి కారణమేమిటో అతడు వారికి చెప్పలేదు. పోయిన డబ్బు మళ్ళీ సంపాదించవచ్చు గాని, ఆ మూడు రోజులు తిరిగి రావు.

పెద్ద నగరాల సంస్థలు తయారుచేసే పథకాలన్నీ హైదరాబాదు నుండే మొదలవుతాయి. నాగల్‌గిద్దవారికి హైదరాబాదు కంటె బీదరు ఎంతో సమీపమని వారికి తోచదు. బీదరులో రాత్రి రైలెక్కితే బెంగళూరు, అక్కడి నుండి మైసూరు, కొడగు కొండలు. ఈ దారి స్థానికునికే తడుతుంది. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ వినిపించే సరిహద్దు ప్రాంతంలో పెరగడం ఈ వృత్తికి పెట్టుబడి వంటిది. మైసూరులో ఉన్న వసతిగృహం వారితో కన్నడంలో మాట్లాడి గది సంగతి తేల్చుకోగలవాడు ఏ ప్రకటనకూ మోసపోడు. సముద్రం చూడాలన్న జంటకు విశాఖపట్నం, అక్కడి నుండి అద్దాల బోగీలో అరకు ప్రయాణం బాగుంటుంది. అయితే అరకు అందమంతా శీతకాలంలోనే అని నా అభిప్రాయం.

ఇక చట్టం సంగతి. రైలు రిజర్వేషను 2024 నవంబరు నుండి ప్రయాణానికి 60 రోజుల ముందు మాత్రమే మొదలవుతోంది. లగ్నం నిశ్చయమైన నాడే తేదీలు లెక్కించుకోవాలి. సొంత ఐ.ఆర్.సి.టి.సి. ఖాతాతో ఇతరులకు టికెట్లు తీసి లాభానికి అమ్మడం 1989 నాటి రైల్వే చట్టం 143వ సెక్షను ప్రకారం నేరం. మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. కొత్తగా వృత్తిలోకి వచ్చేవారు తెలియక చేసే తప్పు ఇదే. కనుక అధికారిక ఏజెంటుగా నమోదు కావాలి. విమాన టికెట్లకు, అయాటా గుర్తింపు పొందిన పెద్ద సంస్థలతో ఒప్పందం చేసుకోవాలి. విదేశయాత్ర అయితే టికెట్టుపై వధువు పేరు ఆమె పాస్‌పోర్టులో ఉన్నట్లే ఉండాలి. శుభలేఖలో ఇంటిపేరు మారినంత మాత్రాన పాస్‌పోర్టులో మారదు కదా! ప్రయాణం రద్దయితే ఎంత సొమ్ము తిరిగి వస్తుందో, తన రుసుము ఎంతో కాగితంపై వ్రాసి ఇవ్వాలి.

దంపతులు తిరిగి వచ్చాక సలహాదారు వారితో ఒక అరగంట కూర్చోవాలి. బస్సు ఎక్కడ ఆలస్యమైంది, గదిలో వేడినీళ్ళు వచ్చాయా, ఏ పూట భోజనం బాగుంది అని అడిగి, వీరాస్వామి వలె పుస్తకంలో వ్రాసుకోవాలి. వచ్చే వైశాఖంలో మరొక జంట వచ్చినప్పుడు అతడు మొదట తెరవవలసింది ఆ పుస్తకాన్నే.