గుడ్డ దాచుకున్నావా?



ఇదివరకు కాలేజీ పిల్లల్ని వ్యాసం రాసుకురమ్మనేవారు. ఇప్పుడు అయిదు నిమిషాల వీడియో చేసుకురమ్మని కూడా అంటున్నారు. ఫోనుతో తీయడం అందరికీ వచ్చు. తీసినదాన్ని కత్తిరించి అతకడం దగ్గరే వస్తుంది చిక్కు. "కంప్యూటరు గొడవ మనకెందుకు?" అనుకోకండి. ఇందులో కిటుకు కుట్టుమిషను తొక్కిన ప్రతి ఇల్లాలికీ తెలిసిందే.

మా నెల్లిమర్లలో, మా వీధిలోనే ఒకమ్మాయి డిగ్రీ చదువుతోంది. వాళ్ళ తాత జూటుమిల్లులో పనిచేశాడు. మిల్లు సైరను కూతను బట్టి సంసారం ఎలా నడిచేదో మామ్మ చెబుతూంటే నలభై నిమిషాలు వీడియో తీసింది. కెడెన్‌లైవ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు పెట్టుకుని నాలుగు రోజులు కూర్చుని నేర్చుకుంది. కంప్యూటరులో చోటు చాలలేదు. "అంతా ప్రాజెక్టు ఫైల్లో చేరిపోయింది కదా" అని అసలు వీడియోలు తీసేసింది. ఫోనులోవి అంతకు ముందే తీసేసింది. మర్నాడు తెరిచి చూస్తే బొమ్మా లేదు, మాటా లేదు! "నా మాటలేటైపోయినాయే?" అంది మామ్మ. పాపం, ఆవిడ మళ్ళీ చెప్పింది. కాని మొదటిసారి చెబుతూ మధ్యలో నవ్విన నవ్వు మళ్ళీ రాలేదు.

పొరపాటు ఎక్కడుంది? మనం రవిక కుట్టేముందు కొలతలు వేసి కాగితం కత్తిరిస్తాం. ప్రాజెక్టు ఫైలు ఆ కాగితం లాంటిది. "ఈ వీడియోలో మూడో నిమిషం నుంచి నాలుగో నిమిషం దాకా తీసుకో, దాని పక్కన ఇది పెట్టు" అన్న గుర్తులే అందులో ఉంటాయి. అసలు వీడియో జోలికి అది పోదు. ఆఖరున "రెండర్" అనే పని చేయించినప్పుడే ఆ గుర్తుల ప్రకారం కొత్త వీడియో తయారవుతుంది. గుడ్డ పారేసి కాగితం దాచుకుంటే రవిక ఎలా వస్తుంది?

సినిమావాళ్ళకు ఈ జాగ్రత్త పాతదే. సెకనుకు 24 బొమ్మలు నడిచే ఫిల్ము రోజుల్లో ఎడిటరు ముందు నకలు ప్రింటును కత్తిరించి చూసుకునేవాడు. అంతా ఖాయమయ్యాకనే నెగెటివు మీద కత్తెర పడేది. 1989లో ఆవిడ్, 1991లో అడోబీ ప్రీమియర్ వచ్చి ఈ పనిని కంప్యూటరు మీదికి తెచ్చాయి.

కనుక పిల్లలకు ఈ నాలుగు మాటలూ చెప్పండి. మొదలుపెట్టకముందే వీడియోలు, పాటలు, ఫొటోలు అన్నీ ఒకే ఫోల్డరులో పెట్టాలి. పని నడుస్తుండగా వాటి పేర్లు గాని, చోటు గాని మార్చకూడదు. మరో నకలు పెన్‌డ్రైవులో వేసి బీరువాలో పెట్టాలి. కంప్యూటరు నెమ్మదిగా నడుస్తుంటే "ప్రాక్సీ" అనే చిన్న నకళ్ళతో పని చేసుకోవచ్చు. అయినా అసలువి ఉండాల్సిందే. ఒకవేళ పొరపాటున తీసేస్తే గాభరాపడకుండా వెంటనే ఫోనులోనూ, కంప్యూటరులోనూ చెత్తబుట్ట వెతకాలి. చాలావాటిలో తీసేసినవి కొన్నాళ్ళు అక్కడే ఉంటాయి.

సాఫ్ట్‌వేరు ఈ నెల కాకపోతే వచ్చే నెల వస్తుంది. పెద్దవాళ్ళ మాట మళ్ళీ రాదు. ఈసారి మీ అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు కాఫీ గ్లాసు పక్కన పెట్టి ఒక్క మాట అడగండి: "గుడ్డ దాచుకున్నావా, అమ్మా?"