నోటి క్యాన్సర్ – దేహంలోని కావలి

'కావలి' అనగా కాపలా. ఈ ఊరివారమైన మనకు ఆధునిక వైద్యంలోని 'ఇమ్యూన్ చెక్‌పాయింట్' అన్న మాట బోధపడటం కష్టం కాదు.

ఇటీవల మా బంధువు ఒకరికి నోటి క్యాన్సర్ తిరగబెట్టినది. ముక్క పరీక్ష నివేదికలో 'పిడి-ఎల్1 పాజిటివ్' అని ఉండగా, ఇంటిల్లిపాదీ దానిని మరణవార్తగా భావించి విలపించారు. ఆ మాటకు నిజమైన అర్థమేమి?

మన రక్తంలోని టి కణాలు దేహమంతటా సంచరిస్తూ, చెడిన కణాలను గుర్తించి సంహరిస్తాయి. ఈ కావలివారే అదుపు తప్పితే ఆరోగ్యవంతమైన అవయవాలకు సైతం హాని కలుగుతుంది. కనుక వారిని నిలువరించే మీటలను ప్రకృతి అమర్చినది. వానిలో ఒకటి పిడి-1. దానిని నొక్కే ప్రోటీను పిడి-ఎల్1. క్యాన్సర్ కణం ఈ ప్రోటీనును తన ఒంటిపై ధరించి, దొంగ పరవానా చూపిన వానివలె కావలిని దాటిపోతుంది. పిడి-1ను 1992లో వెలికి తెచ్చిన జపాను శాస్త్రజ్ఞుడు హోంజో, ఇటువంటిదే మరొక మీటను అడ్డగిస్తే కణితి కరుగుతుందని 1996లో నిరూపించిన అమెరికా శాస్త్రజ్ఞుడు ఆలిసన్ 2018లో నోబెల్ బహుమతిని పంచుకొన్నారు.

పిడి-ఎల్1 అధికంగా ఉంటే రోగి ఆయువు తక్కువా? పరిశోధనలు ఒక్క మాటపై లేవు. కొన్ని అవునన్నాయి, కొన్ని కాదన్నాయి. కణితిలోకి టి కణాలు దండిగా చొరబడిన రోగులు మాత్రం సాధారణంగా మెరుగ్గా ఉంటారు. పిడి-ఎల్1 ముఖ్యంగా సూచించేది మందును. తిరగబెట్టిన వ్యాధిలో దాని లెక్క 1 గాని, అంతకు మించి గాని ఉంటే పెంబ్రొలిజుమాబ్ పనిచేసే అవకాశమున్నది. అనగా ఆ 'పాజిటివ్' తీర్పు కాదు, తెరచిన తలుపు.

అయితే ఆ తలుపు ఖరీదైనది. ఇందుకు ముంబయి టాటా స్మారక వైద్యశాల ఒక దారి చూపినది. తల, మెడ భాగాల క్యాన్సర్ ముదిరినవారికి చవకైన మాత్రలతోపాటు మూడు వారాలకొకసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ ఇచ్చారు. ఇది మామూలు మోతాదులో పదోవంతుకన్న తక్కువ. 2022లో వెలువడిన ఫలితాల ప్రకారం ఏడాదికి జీవించి ఉన్నవారు మాత్రలు మాత్రమే వాడిన వర్గంలో 16.3 శాతం, నివోలుమాబ్ చేర్చిన వర్గంలో 43.4 శాతం. ఆ మాత్రలలో ఒకటి మెథోట్రెక్సేట్. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1940లలో రూపొందించిన ఔషధ కుటుంబంలోనిదే అది.

ఎన్ని గుర్తులు వచ్చినా రోగి భవిష్యత్తును ప్రధానంగా నిర్ణయించేవి కణితి పరిమాణం, అది లోతుకు దిగిన తీరు, మెడ గ్రంథులకు పాకినదా లేదా అన్నవే. మూలకారణం మన చేతిలోనే ఉన్నది. నిప్పు కొనను నోటిలో ఉంచి చుట్ట కాల్చే 'అడ్డపొగ' అంగిలికి చేసే హానిని శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లోనే ప్రకటించారు. నేడు గుట్కా, ఖైనీలు యువకుల చెక్కిళ్ళను చేరాయి.

విద్యార్థులారా! మూడు వారాలైనా మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, నోరు తెరవలేని బిగువు – ఇవి మీ ఇంట ఎవరికి కనిపించినా వెంటనే వైద్యునివద్దకు తీసికొనిపోండి. దేహంలోని కావలి మోసపోవచ్చు. ఇంటికి మీరే కావలి.