కవరు తీసుకోకపోతే కేసు ఉండదా?

గుమ్మలక్ష్మీపురంలో బ్యాంకు క్లర్కుగా రిటైరయ్యాను. చెక్కు వెనక్కి పంపేటప్పుడు కారణం రాసిచ్చే రిటర్న్ మెమోలు చాలానే రాశాను. అందుకే కాబోలు, ఇప్పటికీ సంతరోజున ఎవరో ఒకరు చెక్కు పట్టుకుని మా అరుగెక్కుతారు. మొన్న ఓ జాతాపు రైతు వచ్చాడు. “బాబూ, జీడిపిక్కల డబ్బుకి షావుకారిచ్చిన చెక్కు తిరిగొచ్చేసింది. ఎల్విన్‌పేట స్టేషన్లో చెప్పమంటారా?” అన్నాడు.

వద్దన్నాను. చెక్కు బౌన్స్ కేసు పోలీసులు కట్టేది కాదు, నేరుగా మేజిస్ట్రేట్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసుకోవాలి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881 నాటిదే అయినా, చెక్కు బౌన్స్‌ని నేరం చేసిన 138వ సెక్షన్ 1989 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చింది. శిక్ష రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ.

చెక్కు వెనక్కి రాగానే నేరం అయిపోయిందనుకుంటారు చాలామంది. కాదు. నోటీసు అందాక కూడా 15 రోజుల్లో కట్టకపోతేనే నేరం. ఈ కేసుల్లో డబ్బుకన్నా తారీఖులే ముఖ్యం. ఆ రైతుకి గోడమీది క్యాలెండర్ చూపించి మరీ లెక్క చెప్పాను. చెక్కుమీది తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో వెయ్యాలి. ఈయన మెమో జూన్ 14న చేతికొచ్చింది, అంటే జూలై 14 లోపు డబ్బు కట్టమని నోటీసు పంపాలి. అది షావుకారుకి జూన్ 22న అందిందనుకుందాం. జూలై 7 దాకా అతనికి గడువు. అప్పటికీ కట్టకపోతే ఆగస్టు 7 లోపు కోర్టులో ఫిర్యాదు పడాలి. “పంట కోతలయ్యాక చూద్దాం” అంటే కుదరదు. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే ఫిర్యాదు గడువు విషయంలో కోర్టు మన్నించవచ్చు గానీ, దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

నోటీసు వచ్చిన వాళ్ల తెలివితేటలు ఇంకో రకం. పోస్ట్‌మ్యాన్‌ని చూడగానే తలుపేసుకుంటారు. కవరు తీసుకోకపోతే కేసే ఉండదని ఎవరు నేర్పారో మరి! సరైన చిరునామాకి రిజిస్టర్ చేసి పోస్టులో పంపితే అందినట్టే లెక్క. నిజంగా అందలేదనేవాడికీ ఓ దారి ఉంది. సమన్లు చేరిన 15 రోజుల్లో డబ్బు కట్టేసి కేసు కొట్టెయ్యమని అడగొచ్చని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది.

కేసు ఎక్కడ వెయ్యాలన్నది మన రైతుకి పెద్ద విషయం. 2014లో సుప్రీంకోర్టు చెక్కు ఇచ్చినవాడి బ్యాంకు ఉన్నచోటే వెయ్యాలంది. ఆ లెక్కన ఇక్కడి రైతు షావుకారు ఊరికి వాయిదాలకి తిరగాల్సిందే. మరుసటి ఏడు చట్టాన్ని సవరించారు. ఇప్పుడు మనం చెక్కు మన ఖాతాలో వేస్తే, ఆ ఖాతా ఉన్న బ్రాంచి ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడే కేసు.

పెద్దవాళ్లకూ ఈ సెక్షన్ తప్పలేదు. మన రాజాం వారి జీఎంఆర్ సంస్థ నడిపే హైదరాబాద్ విమానాశ్రయానికి కింగ్‌ఫిషర్ విమాన సంస్థ ఇచ్చిన 50 లక్షల రూపాయల చెక్కులు చెల్లకపోతే, 2016 ఏప్రిల్‌లో ఎర్రమంజిల్ కోర్టు దాని అధిపతి విజయ్ మాల్యాని దోషిగా తేల్చింది. అప్పటికే ఆయన దేశం దాటేశాడు, అది వేరే కథ.

నాకు భయమల్లా ఖాళీ చెక్కుల గురించి. ఏజెన్సీలో లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చెయ్యకూడదని 1960 నుంచీ రెగ్యులేషన్ ఉంది. అయినా అప్పులు నడుస్తూనే ఉన్నాయి. మునుపు ప్రోనోటు మీద వేలిముద్ర తీసుకునేవారు, ఇప్పుడు సంతకం పెట్టిన ఖాళీ చెక్కు అడుగుతున్నారు. సంతకం నీదేనని ఒప్పుకుంటే, అప్పు ఉందనే కోర్టు మొదట భావిస్తుంది. లేదని చూపించుకోవాల్సింది నువ్వే. అంకెలు వేరేవాళ్లు నింపారన్నంత మాత్రాన తప్పించుకోలేవని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకని అప్పు తీర్చిన రోజునే చెక్కు వెనక్కి అడిగి తీసుకోవాలి. ఇవ్వనంటే, కట్టినట్టు రసీదు రాయించుకోవాలి. చెక్కు నంబరు అందులో ఉండాలి.