అక్షరాలతో గీసే గ్రాఫులు

గ్రాఫ్ అనగానే మన సైన్సు విద్యార్థులకు రికార్డు పుస్తకం, గ్రాఫ్ కాగితం, చెక్కిన పెన్సిలు గుర్తుకొస్తాయి. కంప్యూటరులో అయితే రంగురంగుల బొమ్మలు గుర్తుకొస్తాయి. ఇవేవీ లేకుండా, కీబోర్డు మీది గుర్తులతోనే గ్రాఫు గీయవచ్చునంటే కొందరు మిత్రులు నవ్వుతారు. కాని ఆ పద్ధతి ఉంది. మనబోటి పల్లెటూరి పిల్లలకు అది బాగా పనికొస్తుంది కూడా. దాన్ని గురించే ఈ నాలుగు మాటలు.

ముందు షెల్ అంటే ఏమిటో చెప్పుకోవాలి. బొమ్మల మీద నొక్కే పని లేకుండా, ఆజ్ఞలను టైపు చేసి కంప్యూటరు చేత పని చేయించుకునే చోటే షెల్. నల్లటి తెర, దాని మీద అక్షరాలు, అంతే. లినక్స్ కంప్యూటర్లన్నిటిలో ఇది ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోనులో టెర్మక్స్ అనే ఉచిత యాప్ వేసుకున్నా దొరుకుతుంది. కాబట్టి ఖరీదైన కంప్యూటరు లేదని ఎవరూ ఆగనక్కర్లేదు.

ఇక గ్రాఫు సంగతి. కళ్ళంలో ధాన్యం బస్తాలు లెక్కపెట్టేటప్పుడు గోడ మీద బొగ్గుతో బస్తాకొక గీత పెడతారు. ఎవరి వరస పొడుగ్గా ఉంటే వారి పంట ఎక్కువని చదువురానివారు కూడా చెప్పగలరు. 1786లో స్కాట్లండు దేశస్థుడు విలియం ప్లేఫేర్ వర్తకపు లెక్కలను కడ్డీలుగా అచ్చువేశాడు. అందులో ఉన్న సూత్రమూ ఇదే. షెల్‌లో బొగ్గుగీతకు బదులు # గుర్తు పెడతాం.

ఈ పనికి ‘ఆక్’ అనే చిన్న భాష చాలు. 1977లో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో అహో, వైన్‌బర్గర్, కెర్నిహాన్ అనే ముగ్గురు దీన్ని తయారుచేశారు. వారి పేర్లలోని మొదటి అక్షరాలే దాని పేరు. ఒక ఫైలులో వరసకు రెండు అంకెలు రాసుకుంటాం: నెల, వర్షపాతం. ఆక్‌కు ఇచ్చే ఆజ్ఞ ఇది: ప్రతి వరసలో రెండో అంకెను 20తో భాగించు, వచ్చినన్ని # గుర్తులు వెయ్యి, చివర ఆ అంకెను కూడా రాయి. ఒక్క వాక్యంలో పట్టే పని.

ఇప్పుడు రెండు ఊళ్ళు తీసుకుందాం. లెక్క కోసం నేను వేసుకున్న అంకెలివి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు రెండు ఊళ్ళలోనూ 720 మిల్లీమీటర్ల వాన కురిసింది. నెలసరి సగటు రెండింటికీ 180.

మొదటి ఊరు
06 ###### 120
07 ########## 200
08 ########## 200
09 ########## 200

రెండో ఊరు
06 ###### 120
07 ## 40
08 ######## 160
09 #################### 400

కాగితం మీద సగటు చూసినవారికి రెండు ఊళ్ళూ ఒక్కటే. గ్రాఫు చూస్తే రెండో ఊరిలో జూలైలో ఆకుమడి ఎండిపోయింది, ఉభాలు వెనకబడ్డాయి, సెప్టెంబరులో చేను నీట మునిగింది. మన ప్రాంతపు రైతునడిగితే, “వాన ఎంత పడిందని కాదు బావూ, ఎప్పుడు పడిందన్నదే లెక్క” అంటాడు. సగటు దాచిపెట్టిన ఆ మాటనే # గుర్తులు బయటపెడుతున్నాయి.

అయితే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది, పోల్చే గ్రాఫులన్నిటికీ ఒకే కొలత ఉండాలి. ఒకదానికి 20, ఇంకొకదానికి 50 పెడితే చూసేవాణ్ణి మోసం చేసినట్టే. రెండోది, 20 కన్నా తక్కువ వాన ఒక్క గుర్తుకు కూడా నోచుకోదు. అందుకే పక్కన అంకె రాయడం. మూడోది, నెలల పేర్లు తెలుగులో రాస్తే వరసలు వంకరపోతాయి. మన గుణింతపు గుర్తులను యంత్రం విడి అక్షరాలుగా లెక్కిస్తుంది, కంటికేమో అవి ఒకే అక్షరంగా కనిపిస్తాయి. నేను 06, 07 అని రాసింది అందుకే.

నెల కడ్డీ కూడా కొంత దాస్తుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను కూల్చేసింది. అలాంటి తుఫాను వాన కూడా ఆ నెల కడ్డీని పొడిగిస్తుంది. దాన్ని చూసి మంచి వానలనుకుంటే ఎలా? అటువంటి చోట రోజువారీ అంకెలు గీయాలి.

మరో చిక్కు కూడా ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకు, రాజాం విజయనగరం జిల్లాకు వెళ్ళాయి. ఈ సంగతి తెలియకుండా శ్రీకాకుళం జిల్లా సాగు విస్తీర్ణాన్ని ఏటేటా గీస్తే, ఆ ఏడు కడ్డీ కురచైపోతుంది. రైతులు సేద్యం మానలేదు, సరిహద్దు జరిగింది! కాబట్టి మండలాలవారీ లెక్కలతో గీయడమే క్షేమం.

గీతల గ్రాఫు కావాలంటే 1986లో వచ్చిన గ్నూప్లాట్ ఉంది. దాన్ని ‘డంబ్’ పద్ధతిలో పెడితే గీతలను కూడా అక్షరాలతోనే వేస్తుంది. రంగులు, సోకులు కావలసినవారికి వేరే సాధనాలు బోలెడున్నాయి. కాని ఇందులో ఒక సుఖం ఉంది. ఒకసారి రాసిన ఆజ్ఞను దాచుకుంటే, వచ్చే ఏడు కొత్త అంకెలు చేర్చి మళ్ళీ నడపడమే పని.

మిత్రులారా! జిల్లా గణాంక పుస్తకాలలో నెలవారీ వర్షపాతం పట్టికలు ఉన్నాయి. మన ఇళ్ళలో పంట లెక్కల పుస్తకాలూ ఉన్నాయి. ఈ సెలవుల్లో మీ మండలం వాన, మీ కళ్ళం బస్తాలు ఒకే ఫైలులో ఎక్కించి చూడండి. పంట నష్టం లెక్కలకు వచ్చినవారు సగటు చూపించి సరిపెట్టబోతే, మీ ఊరి గ్రాఫు వారి ముందు పెట్టి మాట్లాడవచ్చు.