మామోగ్రామ్ బిల్లు ఎలా తయారవుతుంది

మామోగ్రామ్ బిల్లులో మొదట తేలాల్సింది పరీక్ష ఎందుకు చేశారన్నది. ఏ బాధా లేకుండా ముందుజాగ్రత్తగా చేయించుకుంటే అది స్క్రీనింగ్. గడ్డ చేతికి తగిలిందనో, చనుమొన నుంచి రక్తం వస్తోందనో డాక్టరు రాసి పంపితే నిర్ధారణ పరీక్ష. మెషీను ఒకటే, లెక్క వేరు.

అమెరికాలో ఈ తేడాకు అంకెలున్నాయి. రెండు రొమ్ములకూ స్క్రీనింగ్ అయితే 77067. నిర్ధారణ అయితే ఒకదానికి 77065, రెండింటికీ 77066. కారణం చెప్పే కోడ్ వేరే పెట్టాలి: స్క్రీనింగుకు జెడ్12.31, గడ్డకు ఎన్63తో మొదలయ్యేవి. అల్ట్రాసౌండులో రొమ్మంతా చూస్తే 76641, కొంత భాగమే అయితే 76642. అక్కడి బీమాలు చాలావరకు స్క్రీనింగుకు రోగి దగ్గర డబ్బు తీసుకోవు. నిర్ధారణ అనేసరికి రోగి వాటా పడొచ్చు. గొడవలన్నీ ఇక్కడే. స్క్రీనింగ్ రిపోర్టులో బైరాడ్స్ (రొమ్ము ఫొటోల ఫలితానికి ఇచ్చే గ్రేడు) 0 వస్తే ఇంకా ఫొటోలు కావాలని అర్థం, క్యాన్సర్ అని కాదు. ఆ రెండో విడతకు నిర్ధారణ కోడ్ పడుతుంది, కనుక రెండో బిల్లు రావడం మోసమేమీ కాదు.

అమెరికా బిల్లులకు ఈ కోడ్లు వేసేవాళ్లలో హైదరాబాద్, చెన్నై ఆఫీసుల తెలుగు పిల్లలు చాలామంది. బీఫార్మసీయో లైఫ్ సైన్సెస్‌లో డిగ్రీయో చదివి, అమీర్‌పేటలో కోర్సు చేసి చేరతారు. రేడియాలజిస్టు రిపోర్టే వాళ్లకు ఆధారం. అందులో రాయని పనికి కోడ్ వేయకూడదు.

ఉదయగిరి నుంచో ఆత్మకూరు నుంచో నెల్లూరు వెళ్లి పరీక్ష చేయించుకునే మనిషికి ఈ అంకెలతో పని లేదు. బయటి సెంటరులో మామూలుగా నగదే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న రాష్ట్ర ప్రభుత్వ పథకం ఫొటోకింత అని లెక్కగట్టదు. ఆపరేషన్, కీమో, రేడియేషన్ వంటి చికిత్సలకు ప్యాకేజీ ధర కడుతుంది. ముందుగా అనుమతి కావాలి, దానికి బయాప్సీ, స్కానింగ్ రిపోర్టులు జతచేయాలి. నెట్‌వర్క్ ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రను అడిగితే దారి చెబుతారు.

ప్రైవేటు బీమా పాలసీలు ఎక్కువగా ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తాయి. అయితే చేరడానికి ముందు 30 లేదా 60 రోజుల్లో ఆ జబ్బు కోసమే చేయించిన పరీక్షల ఖర్చును చాలా పాలసీలు ఇస్తాయి. అందుకు డాక్టరు చీటీ, తేదీ ఉన్న రసీదు, రిపోర్టు మూడూ ఉండాలి. ఏ రొమ్ముకు పరీక్ష చేశారన్నది చీటీలోనూ రిపోర్టులోనూ ఒకేలా ఉందో లేదో సెంటరు దాటకముందే చూసుకోవాలి. కుడి ఎడమలు తారుమారైతే క్లెయిమ్ ఆగిపోవచ్చు.